చాలు కాదు, సాలు

అప్పలస్వామి మావయ్య పోయాడని ఖరగ్‌పూర్ నుంచి టెలిగ్రాం వచ్చేసరికి అక్కడ దహనం కూడా అయిపోయింది. పెద్దకర్మకైనా అందుకోవాలని బడికి సెలవు పెట్టి, విజయనగరంలో సాయంత్రం హౌరా మెయిలు ఎక్కాను. రిజర్వేషన్ లేదు. ఇలా బయల్దేరేవాళ్ళకు నా సలహా ఒకటే: జనరల్ పెట్టెలో తలుపు పక్కన కూర్చోకండి. బరంపురం దాకా దిగే ప్రతి మూటా మీ మోకాళ్ళ మీదుగానే దిగుతుంది.

ఎదుటి బల్ల మీదామె చేగోడీలు పెట్టింది. ‘‘చాలండీ’’ అన్నాను.

‘‘మీది బెజవాడ వైపేటండీ?’’ అంది.

నాది బొబ్బిలి పక్క పల్లెటూరు. తెలుగు పంతులు ఉద్యోగం చేసీ చేసీ నా మాట ఇస్త్రీ అయిపోయింది. నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న వింటే నాకు కాస్త సంబరం కూడా.

బాలాసోర్‌లో తెల్లవారింది. ఎనిమిదింటికి ఖరగ్‌పూర్. పేరుమోసిన ఆ పొడుగాటి ప్లాట్‌ఫారం చివర దిగి గేటు చేరేసరికి బాలాసోర్‌లో తాగిన టీ అరిగిపోయింది. రిక్షాలో మావయ్య ఇల్లున్న మలంచా పేటకు వెళ్ళాను.

మావయ్య హౌరా వైపు నది ఒడ్డున జనపనార మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. బెంగాలీలు ఆ మిల్లును చటకల్ అంటారు కాబట్టి ఆయన అందరికీ చటకల్ మావ. బావమరిది రైల్వే క్వార్టర్సు న్యూ సెటిల్‌మెంట్‌లో ఉందని మలంచాలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు గానీ అందులో ఉన్నది తక్కువ. ఏ బస్సు ఎక్కడికి పోతుందో అడక్కుండా ఎక్కేవాడు. చివరి స్టాపులో దిగి, అన్నం పెట్టే ఇల్లొకటి సంపాదించుకునేవాడు. అరవై దాటాక సైకిల్ మీద పూరీ వెళ్ళొచ్చాడు. గంగాసాగర్‌లో తిరుగు పడవ తప్పిపోతే చేపలవాళ్ళ దగ్గరే కొన్నాళ్ళు ఉండిపోయి, వల అల్లడం నేర్చుకుని వచ్చాడు. అదీ కుడిచేతికి రెండు వేళ్ళు లేకుండా.

ఆ వేళ్ళ కథ ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. ఒకరోజు మిల్లులో రోలర్లు ఆపి, ఇరుక్కున్న నార లాగుతున్నాడు. అవతల తెలుగు కూలీ ఇంకా నార తోస్తుంటే ‘‘చాలు’’ అని అరిచాడు. మిషను నడిపే బెల్టు దగ్గర నిమాయ్ అని కొత్తగా చేరిన బెంగాలీ ఉన్నాడు. వాళ్ళ భాషలో చాలు అంటే మిషను నడవాలని. నడిపించేశాడు.

‘‘మనూరి మాట సాలు అనుంటే ఏళ్ళు మిగిలేవిరా. ఆవేళ మేస్త్రీ ఉన్నాడని పుస్తకాల తెలుగు మాటాడినాను. నీ చ అచ్చరం తినేసింది పంతులూ, నా ఏళ్ళు’’ అనేవాడు నాతో.

అత్త నన్ను చూసి ఏడవలేదు. ‘‘అందరూ వచ్చినారు అల్లుడా. నిమాయ్ దాదా రానన్నాడు. మీ మావతో పూరీ దాకా సైకిలు తొక్కినాడు గానీ ఇన్నేళ్ళల్లో మా ఇంట మెతుకు ముట్టలేదు. ‘నా దినం నాడైనా ఆడు తినాల’ని మీ మావ పోయేముందు మరీ మరీ సెప్పినాడు. నువ్వెల్లి తీసుకురా’’ అంది.

అంతగా నవ్వే మనిషి లోపల ఇంత బెంగ పెట్టుకున్నాడని అప్పుడే తెలిసింది. నాకు దుఃఖం ఆగలేదు.

పదింటికి హౌరా లోకల్ ఎక్కాను. మేచేదా స్టేషన్లో కొన్న కారం మరమరాలు, ఝాల్‌మురీయే మధ్యాహ్న భోజనం. ఉలుబేరియా దాటాక ఒక చిన్న స్టేషన్లో దిగి, అడుగుతూ అడుగుతూ నది వైపు నడిచాను. నిమాయ్ వాకిట్లో గొడుగు బాగుచేసుకుంటున్నాడు. సన్నటి ముసలాయన. మిల్లులో నేర్చుకున్న తెలుగు ఇంకా ఉంది.

‘‘గుమ్మం దాకా వస్తాను బాబూ. తినడం హోబే నా, అవదు. అతను ఆ చేత్తో ముద్ద కలపడం చూసినాను. నా గొంతు దిగదు.’’

‘‘చాలు కథ చెప్పేవాడు కదా మీకు?’’

‘‘అందర్నీ నవ్వించేవాడు. నాకు నవ్వు రాలేదు.’’

నోటికొచ్చింది అన్నాను: ‘‘దాదా, తప్పు చాలుది. పిల్లలకు సాలు తప్పు, చాలు ఒప్పు అని నేర్పేది మా లాంటి పంతుళ్ళే. మా తప్పుకు మీరెందుకు పస్తు?’’

ఆయన నన్ను కిందినుంచి మీదికి చూశాడు. ‘‘నువ్వు పంతులువా?’’ అన్నాడు. గొడుగు ముడిచి లోపలికి వెళ్ళాడు. చొక్కా వేసుకుని వచ్చాడు.

మర్నాడు పెద్దకర్మ. మధ్యాహ్నం మలంచా ఇంటి ముందు పందిట్లో పంక్తి వేశారు. సగం తెలుగు రైల్వేవాళ్ళు, సగం బెంగాలీ ఇరుగుపొరుగు. నిమాయ్ గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అత్త వడ్డించకూడదని ఎవరో గొణిగారు. ఆమె వినిపించుకోకుండా అన్నం గిన్నె తెచ్చింది. ఆయన గొడుగు పక్కన పెట్టి, మొదటి ముద్ద తిన్నాడు. తర్వాత ఆగలేదు. రెండోసారి గారెలు వచ్చినప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి ‘‘సాలు’’ అన్నాడు.

అచ్చం మా ఊరి మాట. అత్త అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, ‘‘సాలంటే ఆపీడమేటి దాదా’’ అని ఇంకో గారె వేసింది. ఆయన అదీ తిన్నాడు.

తిరుగు రైలు మరునాడు పొద్దున. కూర్చోడానికి చోటు దొరికింది. న్యూ సెటిల్‌మెంట్ నుంచి పలాస పెళ్ళికి వెళ్తున్న ఒకావిడ, చిలక సరస్సు దగ్గర పులిహోర విప్పి నాకూ ఆకులో పెట్టింది. ఖరగ్‌పూర్ గురించి ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర చూసిన వింతలేమీ లేవు. మా మావయ్య లాంటి మనిషి అక్కడ బతికాడని చెప్పగలను, అంతే. ఆవిడ ఇంకా వడ్డించబోయింది.

‘‘సాలమ్మా, సాలు’’ అన్నాను.

‘‘మీది మా వైపేనేటి బాబూ?’’

‘‘మీ వైపే. మలంచా చటకల్ మావ మేనల్లుణ్ణి.’’

‘‘ముందు సెప్పరేటి!’’ అని, ఉన్న పులిహోరంతా నా ఆకులో వేసేసింది.