మూడు బేసిన్ల నీళ్ళు

మా కాలేజీలో కొత్త పిల్లలు చేరిన మొదటి వారంలో ఒక సభ పెడతారు. షామియానా కింద కుర్చీలు వేస్తారు. లెక్చరర్లమందరం ఒకరి తర్వాత ఒకరం లేచి పిల్లలకు మంచి మాటలు చెప్పాలి. లక్ష్యం ఉండాలంటారు, కాలం విలువ తెలుసుకోమంటారు, ఫోను పక్కన పెట్టమంటారు. ఆ మాట చెప్పే ఆయన జేబులో ఫోను మోగుతూనే ఉంటుంది. అనంతపురం ఎండకు ముందు వరస పిల్లలు కళ్ళు తెరుచుకునే నిద్రపోతుంటారు. నా వంతు వచ్చేసరికి నాకే చిరాకు పుడుతుంది. నేను కెమిస్ట్రీ చెబుతాను. నాకు కోపం తొందరగా వస్తుందని రెండో ఏడాది పిల్లలు వాళ్ళకు అప్పటికే చెప్పి ఉంటారు కాబట్టి, మైకు పట్టుకోగానే అందరూ నిటారుగా సర్దుకుంటారు. అది చూసి నాకు నవ్వొస్తుంది, కోపం సగం దిగిపోతుంది.

పొద్దున టిఫిన్ తినకుండా క్లాసుకు రావద్దని చెబుతాను. ఇంగ్లీషులో అడగడం రాకపోతే తెలుగులో అడగండి, పదిమందిలో సిగ్గయితే స్టాఫ్ రూం కిటికీ దగ్గరికొచ్చి మెల్లగా అడగండి, ఎట్లాగైనా అడగండి అంటాను. అంతటితో కూర్చుంటాను. అడగమని నేను ఎందుకింత పట్టుబడతానో సభలో చెప్పలేను. చెబితే అక్కడే ఏడ్చేస్తాను, ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించుకున్న కోపిష్టి మేడమ్ అన్న పేరు ఒక్క పూటలో పోతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది రాయదుర్గం. నాయన జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో టైలరు. అమ్మ ఇంటి గుమ్మంలో కూర్చుని, కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించేది. ఇంట్లో నేనొక్కదాన్నే సంతానం. మా వీధికి కొళాయి నీళ్ళు వారానికోసారి వచ్చేవి, ఎండాకాలంలో పది రోజులు దాటిపోయేది. వచ్చిన రోజు డ్రమ్ములు, బిందెలు, చివరికి చెంబులు కూడా నింపి పెట్టుకునేవాళ్ళం.

అమ్మ అంట్లు కడిగే పద్ధతి ఒకటుండేది. పెరట్లో మూడు బేసిన్లు వరసగా పెట్టేది. సబ్బు రుద్దిన గిన్నెను ముందు బాగా వాడేసిన నీళ్ళుండే కడపటి బేసిన్లో ముంచాలి, తర్వాత నడిమి దాంట్లో, ఆఖరున మంచి నీళ్ళ బేసిన్లో. కడపటి నీళ్ళు చిక్కబడితే వాటిని కరివేపాకు చెట్టుకు పోయాలి. అప్పుడు నడిమిది కడపటిది అవుతుంది, మంచిది నడిమిది అవుతుంది, కొత్త నీళ్ళు ఒక్క బేసిన్‌కే పడతాయి. వీధిలో అందరూ దాదాపు ఇట్లాగే చేసేవాళ్ళు, కానీ అమ్మంత నిక్కచ్చిగా ఎవరూ చేసేవాళ్ళు కాదు. మార్కులు తగ్గినందుకు ఆమె నన్ను ఎప్పుడూ కొట్టలేదు. తాగగా మిగిలిన అర గ్లాసు నీళ్ళు వాకిట్లో చల్లినందుకు మాత్రం వీపు విమానం మోత మోగించింది. నాయన అడ్డం రాలేదు సరికదా, ఆమె పక్షమే మాట్లాడాడు.

ఇంటర్ తెలుగు మీడియంలో మంచి మార్కులతో పాసై, అనంతపురంలో డిగ్రీలో చేరాను. మా ఇంట్లో కాలేజీ హాస్టల్ మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. గదిలో నాకు తోడు కొత్తచెరువు ఊరి పిల్ల. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

కెమిస్ట్రీ ల్యాబులో మొదటి రోజు నన్ను కట్టిపడేసింది సీసాలూ కాదు, వాసనా కాదు, కొళాయి. తిప్పితే నీళ్ళు వస్తూనే ఉన్నాయి. ఆడపిల్లలు దాన్ని అట్లా వదిలేసి కబుర్లు చెప్పుకుంటుంటే నా ప్రాణం విలవిల్లాడింది. ఒక్కొక్కరి దగ్గరికీ పోయి కట్టేసి వచ్చాను. వారం తిరక్కుండా నాకు కొళాయి అత్త అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది కొత్తచెరువు పిల్లేనని నాకు తర్వాత తెలిసింది.

ల్యాబు మేడమ్ చాలా కఠినమైన మనిషి. గాజు సామాను ప్రతిసారీ మూడుసార్లు కడగాలి అని చెప్పింది. మూడు అనగానే నాకు సంతోషం వేసింది. మా ఇంటి లెక్క ఇక్కడా ఉందే అనుకున్నాను. నా బల్ల కింద మూడు పెద్ద బీకర్లు వరసగా పెట్టుకున్నాను. కడపటిది, నడిమిది, మంచిది. పిపెట్, బ్యూరెట్, ఫ్లాస్కు అన్నీ ఆ మూడింటి నీళ్ళతోనే కడిగాను. మిగతా పిల్లలు కొళాయి కింద పెట్టి పారబోస్తుంటే, నేను ల్యాబు మొత్తానికీ పొదుపైన పిల్లననుకుని లోలోపల గర్వపడ్డాను కూడా.

మేము చేయాల్సింది పెద్ద కష్టమైన పని కాదు. ఫ్లాస్కులో ఉన్న ఆమ్లంలోకి బ్యూరెట్ నుంచి క్షారం చుక్కచుక్కగా వదలాలి. లేత గులాబీ రంగు తిరగ్గానే ఆపి, ఎంత పట్టిందో రాసుకోవాలి. మళ్ళీ చేసినా, ఇంకోసారి చేసినా అదే అంకె రావాలి. అందరికీ వచ్చేది. నాకు మూడుసార్లకు మూడు అంకెలు వచ్చేవి. మేడమ్ నా రికార్డు మీద ఎర్ర సిరాతో 'మళ్ళీ చేయి' అని రాసేది. మళ్ళీ చేసేదాన్ని. మళ్ళీ అదే ఎర్ర సిరా.

ఒక నెల అట్లాగే గడిచింది. నా చేతులు వణుకుతున్నాయేమో అనుకున్నాను. కళ్ళు సరిగా కనబడటం లేదేమో అనుకున్నాను. "నా రీడింగులు రాసుకోవే తల్లీ, పీడా పోతాది" అని కొత్తచెరువు పిల్ల తన రికార్డు నా ముందుకు తోసింది. నాకు రోషం వచ్చి ఆ రికార్డును దాని మంచం మీదికి విసిరేశాను. రోషం ఉంది గానీ, మేడమ్ దగ్గరికి పోయి "నాకు ఎందుకు రావడం లేదు?" అని అడిగే ధైర్యం లేదు. అడిగితే నాకు చదువు రాదని ఆమెకు తెలిసిపోతుందని భయం. ఆ వయసులో బుర్ర ఎంత బాగా పనిచేస్తుందో చూడండి. ఎర్ర సిరాతో నెల రోజులుగా రాస్తున్న మనిషికి ఇంకా తెలియదనుకున్నాను!

చివరికి నాకే ఒక నమ్మకం కుదిరిపోయింది. ఇది నాలాంటి వాళ్ళకు వచ్చే చదువు కాదు. యూనిట్లో కాజాలు కుట్టే మిషను మీద ఒక చోటు ఖాళీ ఉందని నాకు తెలుసు. ఫోను చేసి నాయనకు చెప్పేశాను.

"నాకీ చదువు రాదు నాయనా. ఇంటికొచ్చేస్తా."

వెనక మిషన్ల చప్పుడు వినిపిస్తోంది.

"ఎవురన్నా ఏమన్నా అన్న్యారా పాపా?"

"లేదు."

"ఒళ్ళు బాగుండాదా?"

"బాగుండాది."

"సరే. రేపు నేనే వస్తాండా. బట్టలు సర్దుకో."

తిట్టి ఉంటే బాగుండేది. నన్ను ఆ మిషను ముందు కూర్చోబెట్టకూడదని ఆయన ఎంత పట్టుదలగా ఉన్నాడో నాకు తెలుసు. వంగి వంగి ఆయన మెడ అప్పటికే ఒక పక్కకు తిరిగేది కాదు. ఫోను పెట్టేసి బాత్రూంలోకి పోయి ఏడ్చాను. అక్కడ కూడా కొళాయి విప్పలేదు.

మరునాడు పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చేశాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి వేసుకున్నాడు. వేళ్ళకు మాత్రం జీన్స్ గుడ్డ నీలం అట్లాగే అంటుకుని ఉంది, అది ఎంత తోమినా పోయేది కాదు. ల్యాబులో నా పేరు మీద ఇచ్చిన గాజు సామాను అప్పజెప్పాలి, అదైపోతే బస్టాండుకు పోవడమే. "నేనూ వస్తా, పోదాం పా. నిన్ను ఇంత ఏడిపించినేది ఎట్లుంటాదో సూస్తా" అన్నాడు. బ్యాగు తెచ్చి ల్యాబు తలుపు దగ్గర పెట్టాను.

లోపల మేడమ్ ఒక్కతే కూర్చుని రికార్డులు దిద్దుతోంది. విషయం చెప్పాను. "ఎందుకు మానేస్తున్నావు?" అంది. నేను తల వంచుకున్నాను. ఆమె "సరే, అన్నీ శుభ్రంగా కడిగి అక్కడ పెట్టు" అంది.

బల్ల కింది నుంచి మూడు బీకర్లు తీశాను. ఫ్లాస్కును కడపటి దాంట్లో ముంచాను, నడిమి దాంట్లో ముంచాను. నాయన గోడ పక్కన నిలబడి చూస్తున్నాడు. పొద్దుటి నుంచి మొదటిసారి ఆయన ముఖం విప్పారింది.

"సూడండి మేడమ్" అన్నాడు. "మా పాప ఒక్క చుక్క గూడా నేలపాలు కానీదు. వాళ్ళమ్మ నేర్పినాది. ఇంత దూరమొచ్చి ఈడ గూడా మర్సిపోలేదు."

మేడమ్ పెన్ను ఆగిపోయింది. లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, వంగి ఆ మూడు బీకర్లను చూసింది.

"ఎప్పట్నుంచి ఇట్లా కడుగుతున్నావమ్మా?"

"మొదటి రోజు నుంచి, మేడమ్."

ఆమె క్షారం తగిలితే గులాబీ రంగు చూపించే మందు సీసా తెచ్చి, నా మంచి నీళ్ళ బీకరులో రెండు చుక్కలు వేసింది. తేటగా ఉన్న నీళ్ళు చూస్తుండగానే గులాబీ రంగు తిరిగాయి. నేను కడిగానని అనుకున్న ప్రతి సామానుకూ ఆ క్షారం అంటుకునే ఉందన్నమాట. నెల రోజులుగా నేను కొలిచింది ఆ మురికినే.

"మూడుసార్లు అంటే మూడుసార్లూ కొత్త నీళ్ళు" అంది మేడమ్. "ప్రతిసారీ పారబోయాలి. నేను ఆ ముక్క చెప్పలేదు. ఎవరికైనా తెలిసిందేగా అనుకున్నాను. నెల రోజులు ఎర్ర సిరాతో రాశాను గానీ, ఒక్కసారి నీ పక్కన నిలబడి చూడలేదు."

అంత కఠినమైన మనిషి ఆ మాట అనడం నేను మర్చిపోలేదు. ఈ రోజుకీ, రీడింగు తప్పు వచ్చిన పిల్ల రికార్డు మీద ఏమీ రాయకముందే పోయి దాని పక్కన నిలబడతాను. వాళ్ళేమో తిట్టడానికి వచ్చానని బిక్కచచ్చిపోతారు.

"ఇప్పుడు ఇవన్నీ సింకులో పారబొయ్యి. కొత్తగా మొదలుపెట్టు" అంది మేడమ్.

బీకరు ఎత్తాను. సింకు దాకా తీసుకెళ్ళాను. వంచాలి. చెయ్యి వంగలేదు. నవ్వుతారేమో, నిజంగానే వంగలేదు. అందులోనూ నాయన ముందు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆయన ఎదురుగా గ్లాసెడు నీళ్ళు పారబోసిన పాపాన పోలేదు నేను. ఆయన నా చేతినే చూస్తున్నాడు. ముఖంలో ఇందాకటి సంబరం లేదు. తన పొగడ్తే కూతురి తప్పు బయటపెట్టిందని ఆయనకు అర్థమైంది.

"చెట్టుకన్నా పనికిరావా మేడమ్?" అని అడిగాడు మెల్లగా.

"చెట్టు చచ్చిపోతుందన్నా."

ఆయన దగ్గరికి వచ్చాడు. నీలం వేళ్ళతో నా చేతిలోంచి బీకరు తీసుకుని, తనే సింకులోకి వంచాడు. తర్వాత రెండోది. తర్వాత మూడోది. ఆఖరి చుక్క దిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

"ఇంట్లో ఇంటి మాదిరి, ఈడ ఈడి మాదిరి చెయ్యల్ల పాపా" అన్నాడు.

కొళాయి తిప్పాను. ఫ్లాస్కు కడిగి పారబోశాను, మళ్ళీ కడిగి పారబోశాను, మూడోసారీ పారబోశాను. నీళ్ళు పోతుంటే గుండె పీకుతూనే ఉంది. మొదటి రీడింగు తీశాను. రెండోది తీశాను. రెండూ ఒకటే. మూడోది తీసేటప్పుడు నాయన సింకు దగ్గర్నుంచి కదిలి నా భుజం పక్కకు వచ్చాడు. బ్యూరెట్ మీది గీతలు ఆయనకు ఏమీ తెలియవు.

"ఒకటేనా?"

"ఒకటే నాయనా."

మేడమ్ నా రికార్డు తీసుకుని సంతకం పెట్టింది. సామాను అప్పజెప్పమని ఇక అనలేదు. నేనూ అడగలేదు.

బయటికి వచ్చాం. నాయన బ్యాగు ఎత్తి భుజానికి తగిలించుకున్నాడు. గేటు దాటితే కుడి చేతి వైపు బస్టాండు, ఎడమ చేతి వైపు హాస్టల్. ఏం చేస్తావని ఆయన నన్ను అడగలేదు. ఎడమ వైపు తిరిగి నడిచాడు. నేను వెనకే పోయాను. ఏడుపొస్తోంది, నవ్వూ వస్తోంది, ఏదీ ఆపుకోలేకపోయాను. నా నాయన మీద నాకు అంత ప్రేమ ఉందని ఆ దోవలోనే తెలిసింది.

హాస్టల్ గేటు దగ్గర బ్యాగు నా చేతికిచ్చి, అటూ ఇటూ చూశాడు.

"మీయమ్మకు మాత్రం చెప్పొద్దు, నేను నీళ్ళు పారబోసినానని."

చెప్పనన్నాను. బస్టాండుకు ఆయన ఒక్కడే నడిచి వెళ్ళాడు.