గాజువాకలో నాన్న చెప్పిన పాఠం

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు నమ్మకం లేదు. బడిలో పిల్లలకు సైన్సు చెప్పి బతికినదాన్ని. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే, నువ్వు చూశావా అని మొహం మీదే అడిగే రకం. ఇది మాత్రం కొంత నేను చూసింది, మిగతాది చూసినవాళ్లే నాకు చెప్పింది.

మా నాన్న సంగీతం మాస్టారు. డెబ్బైల్లో వన్ టౌన్‌లో మా అద్దింటి ముందు గదే ఆయన బడి. అమ్మకు ఆయాసం. చలికాలమంతా వంట నాన్నదే. మా అక్కచెల్లెళ్లకు జడలు వేసేదీ ఆయనే. ముందు గదిలో ఎవరైనా అపస్వరం పలికితే జడ సగంలో ఆపి, "ఊఁ, మళ్లీ" అనేవారు. ఆ స్వరం కుదిరేదాకా మేం తల వంచుకుని కూర్చోవాల్సిందే. ఆలస్యమై మాకు బడిలో రోజూ చీవాట్లు.

గురువారం మధ్యాహ్నాలు బస్సెక్కి గాజువాక వెళ్లేవారు. అక్కడ సన్యాసిరావని, పోర్టులో కళాసీ. నలభై దాటాక పాట నేర్చుకోవాలని బుద్ధి పుట్టిన మనిషి. గొంతు గంటే. కానీ ఒక వర్ణంలో చరణం దగ్గర తాళం పడ్డాక ఒక్క క్షణం ఆగి అందుకోవాలి. అతను ఆగలేడు. ఏళ్ల తరబడి ఆగలేకపోయాడు. అన్నం తింటూ కూడా నాన్నకు అదే దిగులు.

ఎనభైల మొదట్లో నాన్నకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నారు. ఆ గురువారం మధ్యాహ్నం దగ్గర నేనే ఉన్నాను. ఆయన కుడిచెయ్యి నా చేతిలో ఉంది.

చచ్చుబడిన ఆ వేళ్లు కదిలాయి. ముందు అరచేతి దెబ్బ, తర్వాత చిటికెనవేలు, ఉంగరంవేలు, మధ్యవేలు. ఆదితాళం. సగంలో ఆగి మళ్లీ మొదటికొచ్చేది. చాలాసేపు అలాగే. చివరికి ఒక ఆవర్తం నిండుగా సాగింది, దాని వెనకే ఇంకొకటి. ఆ తర్వాత చెయ్యి కదల్లేదు. కండరాలు ఒక్కోసారి అలా అదురుతాయన్నారు డాక్టరు. నేనూ సరేననుకున్నాను.

మర్నాడు తెల్లవారుతుండగా నాన్న పోయారు.

ఇంటికి తీసుకొచ్చిన కాసేపటికి సన్యాసిరావు వచ్చాడు. పూర్ణా మార్కెట్‌లో కొన్న అరటిపళ్లు చేతిలో, మొహం నిండా నవ్వు. కోతలకని ఊరెళ్లి రెండ్రోజుల కిందటే వచ్చాడట, నాన్న జబ్బు సంగతే తెలీదు. అరుగు మీద జనాన్ని చూసి నిలబడిపోయాడు.

"ఏటమ్మా ఇది? నిన్న మద్యేనం మా ఇంటికొచ్చి పాఠం సెప్పినారు కదా!"

నిన్న ఆయన ఆసుపత్రిలో ఉన్నారని చెప్పాను.

"నాను పాడతన్నాను, ఆపుతన్నారు. మల్లీ పాడతన్నాను, మల్లీ ఆపుతన్నారు. ఆకరికి వచ్చీసిందమ్మా. ఆ సంబరంతోనే వచ్చినాను."

నాకు ఒళ్లు మండింది. "ఏదీ, పాడండి," అన్నాను, అబద్ధం తేల్చేద్దామని. అరుగు మీదే, ఏడుస్తూ, పాడాడు. తాళం పడింది. క్షణం ఆగి అందుకున్నాడు. జడ వేయించుకుంటూ ఆ పాట విని పెరిగినదాన్ని, అందులో పొరపాటేమీ లేదని నాకు తెలుసు.

రోజు పొరబడ్డాడేమో, ఊళ్లో ఇంకెవరి దగ్గరైనా నేర్చుకున్నాడేమో అని రకరకాలుగా ఆలోచించాను. కర్మలన్నీ అయ్యాక గాజువాక బయల్దేరాను. ఎప్పుడూ బస్సెక్కని అమ్మ నేనూ వస్తానంది.

సన్యాసిరావు భార్య అదే మాట చెప్పింది. గురువారమేనంది. ఆ రోజు పోర్టులో అతనికి సెలవని పక్కింటివాళ్లూ చెప్పారు. ఎన్ని రకాలుగా అడిగినా మాట మారలేదు.

అమ్మ నన్ను ఆపి అతని భార్యను ఒకటే అడిగింది. "ఏమైనా పుచ్చుకున్నారా?"

చివరి రోజుల్లో నాన్న గొంతులో చుక్క నీళ్లు దిగలేదు. తడిగుడ్డతో పెదాలు అద్దడమే. అమ్మను లోపల తినేస్తున్నది అదే.

"మజ్జిగిచ్చినానమ్మా. నిలబడే తాగీసినారు. ఇంకా ఉందా తల్లీ అని అడిగి, మల్లీ తాగినారు."

అమ్మ ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఆ రాత్రి చాన్నాళ్లకు కడుపు నిండా అన్నం తింది.

ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలీదు. తెలుసని ఎవరైనా అంటే వింటాను.