అడక్కుండా తగ్గించిన ఫీజు

ఆ రోజుల్లో మా ఇంట్లో ధర అనే మాటకు అర్థమే వేరు. అంగడివాడు మొదట చెప్పేది ధర కాదు, మాట మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకోవడం లాంటిది. నాయుడుపేట బజారులో మా నాయనది స్టీలు సామాన్ల అంగడి. కొనడానికి వచ్చిన వాళ్లు బిందెను వేలితో కొట్టి చూసి, మూతి విరిచి, కింద పెట్టేసి మెట్లు దిగేవాళ్లు. నాయన వాళ్లను పక్క అంగడి దాకా పోనిచ్చి, "అమ్మా, రాండమ్మా, బోణీ బేరం పోగొట్టుకోను" అని వెనక్కి పిలిచేవాడు (దీపాలు పెట్టే వేళకు కూడా ఆయనకు బోణీయే). అక్షరాల కన్నా ముందు నేను నేర్చుకున్న విద్య ఇది. కావలసిన వస్తువు మీద ఇష్టం ముఖంలో కనబడకూడదు. మెట్లు దిగేటప్పుడు వెనక్కి చూడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అడక్కుండా ధర తగ్గించినవాణ్ణి నమ్మకూడదు. ఆ బిందెకు అడుగున ఎక్కడో సొట్ట ఉంటుంది.

ఇంత చదువు చదివిన నాకు ఐర్లండులో ఒక యూనివర్సిటీ వాళ్లు సీటిచ్చారు. చేపలూ రొయ్యలూ చెడిపోకుండా నిలవ చేసే విద్య, ఏడాది కోర్సు. ఇందుకూరుపేటలో రొయ్యల చెరువులున్న మా మేనమామ ఆ మాట చెవిన పడగానే బండేసుకొని వచ్చేశాడు. "రొయ్య గురించి చదవడానికి సముద్రాలు దాటాలా పాపా? మా చెరువు గట్టు మీద కూర్చో, నేనే చెప్తా. ఫీజు కూడా వొద్దు" అన్నాడు. నాకేమో ఆ సీటు మీదే ప్రాణం. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. "ఏదో వచ్చింది, చూద్దాం" అని పెదవి విరిచాను (నాయన ముందు కూడా ముఖం కాపాడుకోవాలి కదా).

ఫీజుతోపాటు అక్కడ ఏడాదికి ఎంత ఖర్చవుతుందో కూడా వాళ్లే లెక్క వేసి పంపారు. నేను రూపాయల్లోకి మార్చి చదువుతుంటే నాయన గల్లాపెట్టె ముందు కూర్చున్నంత గంభీరంగా విన్నాడు. గది అద్దె వినగానే, "ఏడాదైనాక ఆ గది మనకు రాసిస్తారా?" అని అడిగాడు. తిండి ఖర్చు దగ్గర మామ అందుకున్నాడు. "మా చెరువు మొత్తానికి మేతకి కూడా అంత కాదు గదా బావా!"

"పాపేమన్నా బస్తాలు తింటాదా? సగం కొట్టేయ్" అన్నాడు నాయన. బస్సు ఖర్చు దగ్గర "కాళ్లు లేవా?" అన్నాడు. చలికోటు దగ్గర మాత్రం కాసేపు ఆలోచించి, "అది ఉండనీ. చలికి బేరం తెలీదు" అని వదిలేశాడు. చివర్న 'ఇతర ఖర్చులు' అని ఉంటే బావా బామ్మర్దులిద్దరూ ఒక్కసారే నవ్వారు. "అది వాళ్ల లాభం" అన్నాడు నాయన. అదీ పోయింది. అట్లా చెక్కగా చెక్కగా, మా అంగడి పక్క కొట్టు కొనడానికి నాయన దాచిన డబ్బులో సగంతోనే ఐర్లండు సరిపోయేట్టు తేలింది. నేను అర్ధాకలితో, కాలినడకన, మంచి కోటు తొడుక్కొని తిరిగితే చాలు.

ఇంతలో యూనివర్సిటీ నుంచి మెయిలొచ్చింది. నా మార్కులు చూసి ఫీజులో నాలుగో వంతు తగ్గిస్తున్నారట, నెలాఖరులోగా సరేనని చెప్పాలట. ఇంకొకరింట్లో అయితే స్వీట్లు పంచేవాళ్లు. మా ఇంట్లో అందరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం.

"మనమేమన్నా అడిగినామా?" అన్నాడు నాయన.

"లేదు. మార్కులు బాగున్నాయని వాళ్లే తగ్గించారు."

"మార్కులు బాగుంటే మెచ్చుకుంటారు. డబ్బులెందుకు వదులుకుంటారు?"

"సీట్లు నిండలేదు బావా" అని మామ గొంతు తగ్గించాడు. "రొయ్య పట్టినాక ఐసు కరిగిపోతా ఉంటే మేమూ ఇట్టానే తగ్గిస్తాం."

నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం. పైగా ఇంకో దురాశ కూడా. అడక్కుండానే నాలుగో వంతు దిగినవాళ్లు అడిగితే సగానికి దిగరా? నాయన తెలుగులో చెప్తుంటే నేను ఇంగ్లీషులో జవాబు టైపు కొట్టాను. ఈ ఫీజు మాకు కుదరదు, సగం చేస్తే చేరతాను, లేకపోతే వద్దు.

"ఆ 'వొద్దు' గట్టిగా పడాల. మెట్లు దిగినట్టుండాల" అన్నాడు నాయన. గట్టిగానే వేశాను.

ఇక వాళ్లు పిలవడమే తరువాయి అని కూర్చున్నాం. జవాబు రానే వచ్చింది. మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం, తగ్గింపును తరువాతి విద్యార్థికి ఇస్తున్నాం, మీ భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం.

"మళ్లీ చదువు. పిలస్తా ఉండారా, లేదా?"

"పిలవడం లేదు నాయనా. సాగనంపుతున్నారు."

అంత కాపాడుకొచ్చిన ముఖం అక్కడ చేతికి చిక్కకుండా పోయింది. కొంగు కూడా లేదు, చుడీదారు చున్నీతో కళ్లు తుడుచుకుంటుంటే నాయన నన్ను కొత్తగా చూసినట్టు చూశాడు.

"అంత కావాలని ఉంటే ముందే చెప్పొచ్చు గదమ్మే?"

"చెప్తే నువ్వు బేరం ఆడలేవని."

మెట్లు దిగినవాడు పిలవకుండా తనంతట తాను వెనక్కి రావడం కన్నా తలవంపు మా బజారులో ఇంకొకటి లేదు. అటువంటిది నాయనే, "ఫోన్ చెయ్. మళ్లీ మెట్లెక్కు" అన్నాడు.

మధ్యాహ్నం, వాళ్లకు తెల్లవారి ఆఫీసు తెరిచే వేళ చూసి చేశాను. ఒకావిడ ఎత్తి ఓపికగా విన్నది. తగ్గింపు వేరేవాళ్లకు వెళ్లిపోయింది, సీటు మాత్రం ఇంకా ఉంది, పూర్తి ఫీజు కట్టాలి అన్నది. పక్కనుంచి నాయన "కొంచెం?" అని సైగ చేశాడు. అడిగాను. కొంచెం కూడా కుదరదన్నది ఆవిడ, కోపం లేకుండా, నవ్వు లేకుండా.

ఫోన్ పెట్టేసి చూస్తే నాయన ముఖం తేటపడి ఉంది. పక్కనే ఉన్న మామతో అన్నాడు, "రూపాయి తగ్గదంట! చూసినావా బామ్మర్దీ, సరుకు మంచిది."

పక్క కొట్టు డబ్బంతా ఫీజుకూ ఖర్చులకూ పోయింది. ఆ కొట్టు ఇంకెవరో కొని చెప్పుల దుకాణం పెట్టారు. మేం కొట్టేసిన ఖర్చులన్నీ నాయన ఒక్కొక్కటిగా మళ్లీ రాయించాడు, ఇతర ఖర్చులతో సహా. ఆయన జన్మలో చెప్పిన ధరకు కొన్న వస్తువు నా చదువొక్కటే.

చదివి తిరిగొచ్చి నెల్లూరులో ఉద్యోగంలో చేరాను. ముఖం మామూలుగా పెట్టే అలవాటు ఇంకా పోలేదు. నాయన మాత్రం ఇప్పుడు దాన్ని నమ్మడు. నేనెంత పెదవి విరిస్తే నాకది అంత ఇష్టమని ఆయన అనుమానం. మొన్న ఇద్దరం కలిసి కొనడానికి ఒక చిన్న ఇల్లు చూశాం. గాలీ వెలుతురూ, పెరట్లో జామచెట్టూ ఉన్నాయి. నేను గోడ మీద గీతలు చూపించి, "ఏదో ఉందిలే" అన్నాను. నాయన నా వంక ఒక్క చూపు చూసి ఇంటాయన వైపు తిరిగాడు.

"చెప్పండి, ఎంతిమ్మంటారు?" అన్నాడు, మెట్ల వైపు చూడనైనా చూడకుండా.