వాన డబ్బాకు తాళం

నిజాం రాజ్యం పోయిన కొత్తలో, మక్తల్ అవతలి జొన్నల పరిశోధన క్షేత్రంలో నేను గుమాస్తాగా చేరాను. అప్పటికే మా ఆఫీసరుగారు మనుషుల్ని నమ్మడం మానేశారు. చాయ్ తెచ్చినవాణ్ణి కూడా "నిన్నెవరు పంపిండ్రు?" అని అడిగేవారు.

ఆ ఏడు వాన కొలిచే డబ్బాలో నీళ్లు కనబడుతున్నా చేలో జొన్న ఎండిపోయింది. తనను అబద్ధాలకోరును చేయడానికి ఎవరో అందులో నీళ్లు పోస్తున్నారని ఆయన అనుమానం. కమ్మరి చేత ఇనుప మూత చేయించి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు. రోజూ పొద్దున తానే తీసి చూసి, మళ్లీ వేసేవారు.

ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన వచ్చింది. ఆయన డబ్బా పక్కనే కాపలాగా నిలబడి తడుస్తున్నారు. కలుపు తీసే ముసలమ్మ పరుగెత్తుకొచ్చింది.

"సారూ, వాన పడ్తాంది. జర గా మూత తియ్యుండ్రి."

"నిన్నెవరు పంపిండ్రు?"

ఆమె ఆకాశం వైపు చూసింది.

మర్నాడు తాళం తీస్తే డబ్బా పొడిగా ఉంది. ఆయన పుస్తకంలో సున్నా రాశారు. తర్వాత నావైపు తిరిగారు.

"నిన్న నేను తడిసిన్నా?"

"తడిసిండ్రు సారూ" అన్నాను.

ఆయన నన్ను నమ్మి అడిగిన మాట అదొక్కటే.