గద్దె దిగిన జనరల్

మీరు నమ్మని దేవుడి చాటున మీరెప్పుడైనా దాక్కున్నారా? వెంటనే లేదని తల ఊపకండి. నేనూ అలాగే ఊపేవాణ్ణి. ఆ రోజుల్లో, అంటే గల్ఫ్‌లోని రేవు పట్టణం మెసయీద్‌లో ఒక రాతి పనుల యార్డులో కొలతలు, బరువులు రాసే ఉద్యోగంలో చేరిన కొత్తలో, నా దగ్గర రెండు జతల బట్టలు, వంద వాదనలు ఉండేవి. కృష్ణా జిల్లాలో మా నాన్న నడిపే చర్చావేదికలో పెరిగాను మరి. అన్నం వడ్డించినా ఆధారం అడిగేవాణ్ణి. పనివాళ్ళందరం ఉండే క్యాంప్‌లో నన్ను ‘నాస్తికం తమ్మి’ అనేవారు. దాన్ని బిరుదనుకుని మురిసిపోయాను.

అప్పుడు మా యార్డుకు ఒక జనరల్ వచ్చాడు. ఏదో దూరదేశపు అంతర్యుద్ధంలో స్వచ్ఛంద సైన్యాన్ని నడిపి, పోరు మొదలైన పూటే చనిపోయిన పెద్దమనిషి. ఆయన పడిపోయిన చోట నిలబెట్టడానికి రాతి స్మారకం కావాలన్నారు: కత్తి ఎత్తిన జనరల్, ఆయన గుర్రం, కింద మనిషెత్తు పీఠం. పీఠం మీద ‘ఓటమి ఎరుగనివాడు’ అని చెక్కించారు. (ఎరిగేంత సమయం ఆయనకు దొరకలేదు.) చెక్కింది జగిత్యాల మేస్త్రీ, ఆయన మనుషులు. వాళ్ళ ఊళ్ళ పొలిమేరల్లో కత్తి పట్టిన గుర్రపు వీరుల రాళ్ళుంటాయి. పసుపు రాసి మొక్కుతారు. దాంతో జనరల్ ముఖం తేలిన రోజే ఆయన నుదుట బొట్టు కూడా తేలింది.

నేను ఊరుకుంటానా? భోజనాల వేళ బల్ల ఎక్కాను. “ఈయన ఎవరిని చంపించాడో, ఎందుకు చంపించాడో మీకు తెలుసా? ఎందుకు మొక్కుతున్నారు?”

“మా ఊరి వీరుడు ఎవ్వల్ని సంపిండో గది సుత తెల్వది తమ్మీ,” అన్నాడు మేస్త్రీ పప్పు కలుపుకుంటూ. “రాయి నిలవడ్డది, మొక్కుతున్నం.”

“కొబ్బరికాయ కొట్టకుండా ఈ రాయిని ఓడ ఎక్కిస్తాను, చూడండి!” అని శపథం చేశాను.

పంపే రోజు వచ్చింది. బరువు లెక్క నాదే. దాన్ని బట్టే, రాయిని లారీ ఎక్కించే క్రేన్ తెప్పించారు. బెల్టులు బిగిశాయి, క్రేన్ కుయ్యోమని మొత్తుకుని ఆగిపోయింది. మూడుసార్లూ అంతే. సాయంత్రంలోపు రేవు చేరకపోతే ఓడ వెళ్ళిపోతుంది. మేనేజరు “యల్లా, యల్లా!” అని తొందరపెడుతూ అరిచి అరిచి నా వైపు తిరిగాడు. “నీ లెక్క తప్పని తేలితే ఇవాళే నిన్ను ఇండియా పంపిస్తాను,” అంటూ ఆ కాగితం తేవడానికి ఆఫీసులోకి వెళ్ళాడు. నేను జేబులోని నకలు తీసి చూశాను. గుర్రం ఉంది, జనరల్ ఉన్నాడు, కత్తి కూడా ఉంది. పీఠం లేదు. కలపడం మరిచాను.

మేస్త్రీ నా ముఖం చూశాడు, కాగితం చూశాడు. “కాయ కొట్టకపోతె ఎట్ల లేస్తడుర! తెర పట్టుండ్రి, సామికి నైవేద్యం పెడ్త. అందరు కండ్లు మూసుకోండ్రి,” అని మనుషులను కేకేశాడు. టార్పాలిన్‌ను తెరగా పట్టారు. ఆయన కాయ కొట్టి, పళ్ళెంతో తెర వెనక్కి వెళ్ళాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను హేతువాదిని గనుక మూసుకోలేదు. టార్పాలిన్ చిరుగులోంచి చూస్తే, కొబ్బరిచిప్పల కింద స్పానర్! గుర్రాన్ని పీఠానికి బిగించిన నాలుగు బోల్టులూ విప్పుతున్నాడు, బోల్టుకొకసారి గంట కొడుతూ.

తెర తీయగానే బెల్టులను పీఠం నుంచి గుర్రం పొట్ట కిందికి మార్పించాడు. క్రేన్ కిక్కురుమనకుండా జనరల్‌ను లేపింది. “సామి గద్దె దిగిండు!” అని ఒకటే కేకలు. పీఠం రెండో విడతలో వెళ్ళింది. కాగితంతో తిరిగొచ్చిన మేనేజరు నోరు తెరిచాడు.

“పహలే నారియల్ నహీ తోడా సార్, ఇస్లియే నహీ ఉఠా,” అన్నాడు మేస్త్రీ వినయంగా, ముందు కాయ కొట్టలేదు కాబట్టే లేవలేదని.

మేనేజరు నవ్వి, కాగితం మడిచి నన్నడిగాడు: “నువ్వేమంటావు?”

బల్ల ఎక్కిన నోరు, శపథం చేసిన నోరు. “అవును సార్, కొబ్బరికాయే,” అంది.

క్యాంప్ బస్సులో మేస్త్రీ పక్కన కూర్చుని, “చివరికి నాతో కూడా రాయికి దండం పెట్టించారు,” అన్నాను.

“దండం పెట్టుమనలే తమ్మీ. కూడిక మల్లొక్కపారి చూసుకొమ్మంటున్న.”

ఇప్పుడు ఇదే దేశంలో, అల్ తుమామాలో మా ఇంటి కూరగాయల లెక్క కూడా రెండుసార్లు కూడుతాను. ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. కళ్ళు మూసుకోనందుకు అంత గర్వపడ్డవాడు, చూసింది చెప్పడానికి మాత్రం ఇన్నేళ్ళు తీసుకున్నాడు. జనరల్ పేరు, బిరుదులు, ఆఖరికి ఆయన గుర్రం పేరు కూడా ఇప్పటికీ అప్పజెప్పగలను. అన్నీ పీఠం మీద చెక్కి ఉన్నాయి. మేస్త్రీని మేస్త్రీ అనే పిలిచాను. పేరు ఒక్కసారీ అడగలేదు.

మీరు ఆ తప్పు చేయకండి. ఈసారి ఏ విగ్రహం ముందు నిలబడ్డా కళ్ళు తెరిచి, తెర వెనక్కి నడవండి. అక్కడ స్పానర్ పట్టుకున్న మనిషి పేరు అడగండి. అడిగి, రాసిపెట్టండి.