నేను కొట్టేసిన మాటలు

మా ధర్మవరం ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. హిందూపురంలో కాపురముండే అక్కకు అమ్మ చెప్తుంటే కార్డు రాయడం నా పని. అమ్మ మగ్గం దగ్గర కూర్చునే చెప్పేది. తెగిన పోగును అతికినట్టు, "అదట్లుండనీ", "అయితే ఏంలే", "మరి" అంటూ ఒక మాటకు ఇంకో మాట అతికేది.

అవి అరవైల మొదటి రోజులు. హైస్కూల్లో మా టీచరమ్మ అలాంటివి ఊతపదాలని ఎర్రసిరాతో కొట్టేసేది. ఎనిమిదో తరగతికే నాకు కళ్లు నెత్తికెక్కాయి.

ఆ యేడు నాయన తద్దినానికి అక్క రాలేదు. అప్పటికే నెలలు నిండుతున్నాయి. అమ్మ చెప్పింది: "నాయన తద్దినానికి నువ్వు రాలేదని నాకు కోపమే. అయితే ఏంలే, మీ యత్త పంపీకుంటే నువ్వేం చేస్తావు. అదట్లుండనీ. మరి కాన్పుకన్నా రామ్మా. ఎట్లయినా నా బిడ్డవే గదా."

నేను రాసింది ఇది: "నాయన తద్దినమునకు నీవు రానందుకు అమ్మకు కోపముగా ఉన్నది. కాన్పుకు రావలెను." ఎంత ముచ్చటగా ఉందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

అక్క రాలేదు. నెల తిరక్కముందే కాన్పులో తల్లీ బిడ్డా పోయారని కబురొచ్చింది.

హిందూపురంలో అన్నీ అయ్యాక బావ నన్ను పక్కకు పిలిచి, అక్క పెట్టెలో దొరికిన కార్డు చేతిలో పెట్టాడు.

"ఇది సదివి ఇనిపిస్తే ఒగటే ఏడుపు. మా యమ్మకు కోపం పోలేదు, నలుగురి కోసం పిలుస్తాంది, నేను పోను అనింది."

ఆ కార్డును అక్కడే చింపేయాల్సింది. అది చేతకాలేదు.

తిరుగు రైలు పెనుకొండలో ఆగినప్పుడు అమ్మ నా చేతిలో కార్డు చూసింది.

"నేను చెప్పిందే గదా అది? ఒగసారి సదువు మే."

చదివాను. రాయని మాటలన్నీ కలుపుకుని చదివాను. అయితే ఏంలే, అదట్లుండనీ, మరి, ఎట్లయినా నా బిడ్డవే గదా. ఒక్కటీ వదల్లేదు. అమ్మ కొండవైపు చూస్తూ వింది.

"ఇంత బతిమాలినా రాలేదే! ఎంత మొండిది మే మీ యక్క," అంది.

నేను కార్డును సంచి అడుక్కి తోసేశాను. అమ్మ బతికినన్నాళ్లూ అక్కను ఆ మాటే అంటూ ఉండింది. నేను ఒక్కసారి కూడా కాదనలేదు.