నేను అడిగిన నాలుగు రోజులు

విజయవాడ దాటాక కాలువల పక్కన, వరిచేల మధ్య ఉన్న ఒక చిన్న రన్‌వే మీద నేను ఏడేళ్లు విమానం నడపడం నేర్పాను. రెండు సీట్ల శిక్షణ విమానాలు. విద్యార్థి ఎడమ సీట్లో, నేను కుడి సీట్లో. పైకి లేవడం ఎవరికైనా త్వరగానే వస్తుంది. దిగడమే కష్టం. దిగేటప్పుడు వేగం అరవై అయిదు నాట్స్ దగ్గర నిలవాలి. మరీ తగ్గితే విమానం గాలిలో నిలవలేదు. పెరిగితే నేలను తాకకుండా రన్‌వే పొడవునా తేలుతూ పోతుంది.

ఒక ఏడాది భవానీపురం నుంచి ఒక అమ్మాయి వచ్చి చేరింది. వాళ్ల నాన్నకు గవర్నర్‌పేటలో గడియారాలు బాగుచేసే కొట్టు ఉంది. ఇరవై ఏళ్లది, మాట తక్కువ, చెయ్యి చురుకు. ఒక్కటే లోపం. ఎప్పుడూ డెబ్బై అయిదులో దిగబోయేది.

“ఇంత స్పీడెందుకమ్మా?”

“గాలి కొడతంది కదాని ఓ అయిదు కలిపా సార్.”

“మరి ఇంకో అయిదు?”

“అది నా భయానికి సార్.”

నాకు నవ్వొచ్చింది. మర్నాడు వేగం చూపించే డయల్ మీద నా చేతిరుమాలు కప్పేశాను. “ముక్కు ఎక్కడుందో చూడు, గాలి చప్పుడు విను. ముక్కు ఎత్తితే వేగం తగ్గుద్ది, దించితే పెరుగుద్ది. ముల్లుతో నీకు పనిలేదు” అన్నాను. ఆ రోజంతా చెమటలు కక్కింది. మూడో రోజుకు వరసగా మూడుసార్లు మెత్తగా దింపింది. నాలుగోసారి రుమాలు తీసేస్తే మళ్లీ డెబ్బై అయిదు. ఇంకో నాలుగు రోజులు నేను పక్కన కూర్చుంటే కుదురుకుంటుందనిపించింది.

మా మేనేజరు అంత ఆగలేదు. ఆ శనివారం మా ఫ్లయింగ్ స్కూలు చూడటానికి ఎవరో పెద్దలు వస్తున్నారు. వాళ్ల ముందు ఒక ఆడపిల్ల మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగాలి, ఫొటోలు రావాలి.

“నాలుగు రోజులు టైమివ్వండి” అన్నాను.

“ఒంటరిగా ఎగరొచ్చని మీరు సంతకం పెట్టకపోతే ఇంకొకరు పెడతారండీ. మీ ఇష్టం” అన్నాడాయన, ఫోన్ చూసుకుంటూనే.

పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు.

శనివారం పొద్దున ఆ అమ్మాయిని “రెడీనా?” అనడిగాను. “మీరు రెడీ అంటే రెడీయే సార్” అంది. నేను దిగిపోయి, చేతి రేడియోతో రన్‌వే పక్కన నిలబడ్డాను.

ఒక చుట్టు తిరిగి వచ్చింది. ఇంజన్ చప్పుడు వింటూనే వేగం ఎక్కువైందని తెలిసిపోయింది. విమానం సగం రన్‌వే దాటినా నేలకు ఆనలేదు. “పవర్ పెట్టు, మళ్లీ పైకెళ్లిపో” అని అరిచేసరికే ఆలస్యమైంది. చక్రాలు తగిలాయి, బంతిలా పైకి లేచింది. ఆమె కంగారులో ముక్కు కిందికి నొక్కింది. ముందు చక్రం విరిగింది, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంది, విమానం గడ్డిలోకి ఈడ్చుకుపోయి ఆగింది. నేను పరిగెత్తి వెళ్లేసరికి నుదురంతా రక్తం. మణికట్టు విరిగింది.

“సారీ సార్” అందామె.

విచారణలో నన్ను వాంగ్మూలం రాయమన్నారు. దిగేటప్పుడు నేర్పినదానికంటే వేగం ఎక్కువగా ఉందని రాశాను. అది నిజమే. నాలుగు రోజులు అడిగిన సంగతి మాత్రం రాయలేదు. రాస్తే మేనేజరు పేరొక్కటే కాదు, ఆమె సిద్ధంగా లేదని తెలిసీ నేను సంతకం పెట్టిన సంగతి కూడా బయటికొస్తుంది. తప్పు విద్యార్థినిదని తేల్చి, ఆమెను శిక్షణ నుంచి తప్పించారు.

చేతికి కట్టుతోనే, ఎగిరిన గంటలు రాసుకునే తన లాగ్‌బుక్ తీసుకుపోవడానికి వచ్చింది. “మీరు ఇంకో నాలుగు రోజులు అడిగారంట కదా సార్. ఆఫీసులో చెప్పారు. మరి రాయలేదే?” అంది. గొంతు పెంచలేదు. నేను కిటికీలోంచి రన్‌వే వైపు చూశాను. ఆమె లాగ్‌బుక్ తీసుకుని వెళ్లిపోయింది.

పోయిన నెల నా గడియారం ఆగిపోతే, కావాలనే గవర్నర్‌పేటలో ఆ కొట్టుకే వెళ్లాను. ఏం చెప్పాలనుకున్నానో నాకే తెలియదు. ఆమె లోపల బల్ల దగ్గర తల వంచుకుని ఏదో వాచీ విప్పుతోంది. వాళ్ల నాన్న నన్ను గుర్తుపట్టి గబగబా లేచి కుర్చీ వేశాడు.

“ఆ రోజు మా అమ్మాయి ప్రాణాలతో బయటపడిందంటే మీరు చెప్పిన చదువేనండీ. మీ మేలు మర్చిపోలేమండీ” అంటూ టీ తెప్పించాడు. అంటే ఆ నాలుగు రోజుల సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు.

ఆమె తలెత్తి నన్ను ఒకసారి చూసింది. “నాన్నా, సారు టీలో పంచదార ఎక్కువ వేసుకోరు” అని మళ్లీ పనిలో పడింది.

నేను ఆ టీ తాగాను.